ఏ బండిని ముందు ఎత్తాలి?

నిలిచి ఉన్న వాహనాన్ని క్రేనుతో ఎత్తిగాని, మరో వాహనానికి తగిలించి లాక్కుపోయిగాని వేరే చోటికి చేర్చడాన్ని టోయింగ్ అంటున్నారు. మోటారు వాహనాల చట్టం–1988లోని 127వ సెక్షన్ దీనిని రెండు సందర్భాల్లో అనుమతిస్తుంది. పది గంటలు, అంతకు మించి పట్టించుకునేవారు లేకుండా వదిలేసిన వాహనం, చట్టప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట నిలిపిన వాహనం మొదటి కోవలోకి వస్తే, చెడిపోయి లేదా కాలిపోయి రాకపోకలకు ప్రమాదకరంగా మారిన వాహనం రెండో కోవలోకి వస్తుంది. రెండింటికీ ఆ ప్రాంతంపై అధికారం ఉన్న పోలీసు అధికారి అనుమతి కావాలి, రెండింటి ఖర్చూ యజమానే భరించాలి. అయితే ‘తక్షణం’ తొలగించాలన్న మాటను చట్టం రెండో కోవకే వాడింది. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రహదారులను, పట్టణాలను కలిపి చూసినప్పుడు ఈ ప్రాధాన్యం తలకిందులైందన్న అభిప్రాయం కలగక మానదు.

హైదరాబాద్–విజయవాడ మార్గమైన 65వ జాతీయ రహదారి నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా, హైదరాబాద్–బెంగళూరు మార్గమైన 44వ జాతీయ రహదారి జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా సాగుతాయి. ఈ దారుల్లో రాత్రి ప్రయాణించేవారికి, వెనుక దీపాలు వెలగకుండా రోడ్డు మీదే ఆగిపోయిన లారీ పెద్ద గండం. 2024 ఏప్రిల్ 25న కోదాడ సమీపంలో ఆగి ఉన్న లారీని కారు వెనుక నుంచి ఢీకొని ఆరుగురు దుర్మరణం పాలయ్యారు. టైరు పగిలినా, ఇరుసు విరిగినా డ్రైవరు, క్లీనరు ముందుగా చేసే పని పక్కనున్న రాళ్లు, చెట్ల కొమ్మలు తెచ్చి బండి వెనుక పేర్చడం. మరమ్మతు ముగిసి లారీ కదిలిపోయాక కూడా ఆ రాళ్లు తరచు రోడ్డు మీదే మిగిలి, వెనుక వచ్చే ద్విచక్ర వాహనాల వారి ప్రాణాల మీదికి తెస్తున్నాయి.

లారీని తొలగించడం బైకును ఎత్తినంత తేలిక కాదన్నది నిజమే. గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులున్న లారీలో ఆ గాలి తగ్గిపోతే వెనుక చక్రాలు వాటంతట అవే బిగుసుకుంటాయి కనుక, బయటి నుంచి గాలి అందించో, బ్రేకు స్ప్రింగును చేత్తో వదులు చేసో గాని బండిని కదిలించలేరు. ఇంజను ఆగిన స్థితిలో గేరుబాక్సుకు నూనె సరిగా అందదు కాబట్టి, వెనుక చక్రాలు నేల మీదే ఉంచి దూరం లాగాలంటే ఇంజను శక్తిని వాటికి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టును ముందే విప్పాలి. బరువుతో ఉన్న లారీకి భారీ క్రేను, పని తెలిసిన మనుషులు కావాలి. అందుకే వాటిని రహదారి వెంట తగినంత దగ్గరలో సిద్ధంగా ఉంచడం అవసరం. జాతీయ రహదారులపై సాయానికి 1033 నంబరు ఉంది. ఆ నంబరుకు ఫోన్ చేసిన ఎంతసేపటికి క్రేను వచ్చింది, లారీ ఎంతసేపటికి రోడ్డు దిగింది అన్న లెక్కను ప్రతి టోల్‌ప్లాజా వద్ద అందరికీ కనబడేలా పెట్టాలని కోరడం, టోల్ కట్టేవారి హక్కు.

పట్టణాల పరిస్థితి వేరు. నల్గొండ గడియారం సెంటరుకో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ ప్రాంతానికో పల్లెల నుంచి వచ్చేవారిలో ఎక్కువ మంది ఆసుపత్రికో, బ్యాంకుకో, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికో బైకు మీద వచ్చినవారే. బండి పెట్టిన చోట లేకపోతే, దొంగలు తీసుకుపోయారా, పోలీసులు ఎత్తారా అన్నది తేలడానికే గంటలు పడుతుంది. ఆ తిరుగుడులో కూలి పోతుంది, చివరి బస్సూ వెళ్లిపోతుంది. హ్యాండిల్ లాక్ వేసిన బండిని పక్కకు ఈడ్చేటప్పుడు లాక్ విరిగినా, ఇండికేటర్ పగిలినా నష్టం ఎవరిదో తేల్చే కాగితం ఏదీ ఉండదు. ఎత్తడానికి ముందు తీసిన ఫొటో, బండిని ఎక్కడికి తరలించారో తెలిపే ఎస్ఎంఎస్, ఆ చోట అతికించిన చీటీ ఉంటే చాలు, ఈ బాధలో సగం తీరుతుంది.

ఇక్కడ చట్టంలోని మరో సెక్షన్‌ను తలచుకోవాలి. వాహనాలు ఎక్కడ నిలుపుకోవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారాన్ని 117వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారాన్ని వాడి స్థలం చూపకుండా, కనబడే బోర్డు కూడా పెట్టకుండా 127వ సెక్షన్ కింద బండ్లు ఎత్తడం న్యాయం అనిపించుకోదు. పార్కింగ్‌కు ఉద్దేశించిన సెల్లారును గోదాముగా మార్చుకున్న దుకాణదారుణ్ని వదిలి, కొనడానికి వచ్చినవాణ్ని శిక్షించడం మరీ అన్యాయం.

మిర్యాలగూడ చుట్టూ ఉన్న బియ్యం మిల్లుల ముందు కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లు రోడ్డు వెంట బారులు తీరుతాయి. ఆ ట్రాక్టరును ఎవరూ వదిలేసి పోలేదు. రైతు దాని మీదే, దాని కిందే పడుకుని వంతు కోసం ఎదురుచూస్తున్నాడు. చీకట్లో అదీ ప్రమాదమే అయినా, దానికి మందు క్రేను కాదు, మిల్లుల దగ్గర విశాలమైన యార్డు, వేళ రాసిచ్చే టోకెను.

టోయింగ్‌ను ప్రైవేటు వారికి అప్పగించి, ఎత్తిన బండికి ఇంత అని చెల్లించే పద్ధతి ఎక్కడున్నా, తేలిగ్గా లేచే బండి మీదికే చెయ్యి పోతుంది. సిబ్బంది ప్రవర్తనపై ఫిర్యాదులు పెరగడంతో 2022 ఫిబ్రవరిలో బెంగళూరులో టోయింగ్‌ను ఆపేయాల్సి వచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రైవేటు స్థలాల్లో చట్టబద్ధమైన అధికారం లేకుండా చక్రాలకు తాళం వేయడాన్ని, బండి లాక్కుపోవడాన్ని 2012లో నేరంగా ప్రకటించారు. మహబూబ్‌నగర్, నల్గొండ పట్టణాలు ఈ అనుభవాలను ముందే గమనించాలి. గుత్తేదారుకు చెల్లింపు బండ్ల లెక్కన కాక నెలవారీగా ఉండాలి.

వానాకాలం పంట కోతలు మొదలై పత్తి లారీలు, ధాన్యం ట్రాక్టర్లు రోడ్డెక్కక ముందే రెండు ఉమ్మడి జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు, రహదారుల సంస్థ అధికారులు కలిసి కూర్చుని భారీ క్రేన్లు ఎక్కడ ఉండాలో, మిల్లుల యార్డులు ఎక్కడ తెరవాలో నిర్ణయించాలి. పట్టణాల్లో బైకులు ఎత్తే పని అంతవరకు ఆగినా నష్టం లేదు.