ఆదాయం, వ్యయం, దాపరికం

మా నాన్నగారు లెక్కల మనిషి. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారన్న అర్థంలోనూ, ఆనాటి పద్దు రాయనిదే నిద్రపోయేవారు కారన్న అర్థంలోనూ. రాత్రి భోజనాలయ్యాక డైరీ తెరిచి పాలు, కూరలు, కిరాణా, రిక్షా, గుడిలో హుండీలో వేసిన రూపాయితో సహా వరుసగా రాసుకునేవారు. చివర నిల్వ తేలకపోతే ఆ తేడా దొరికేదాకా మంచమెక్కేవారు కారు. ఒకసారి రెండు రూపాయల తేడా కోసం పది గంటలదాకా కూర్చున్నారు. ఆ రెండు రూపాయలతో నేను గోళీసోడా తాగానని ఒప్పుకున్నాకే ఇంట్లో దీపం ఆరింది.

జీతం అందిన నాడే పొదుపు సొమ్ము పక్కకు తీసి, మిగిలినదానిలోనే నెల గడపడం ఆయన పద్ధతి. ఇద్దరు పిల్లల చదువులు, ఒక పెళ్ళి, తెనాలిలో చిన్న డాబా ఇల్లు, అన్నీ ఆ పద్ధతిలోనే సమకూరాయి. పొదుపు గురించి నాకు తెలిసినదంతా ఆ డైరీల దగ్గరే నేర్చుకున్నాను. అయినా ఈ టపా ఆయనను పొగడటానికి రాయడం లేదు. ఆ డైరీలలో ఉన్న ఒక లోపం గురించి రాస్తున్నాను. ఆ లోపం చాలా ఇళ్ళలో ఉన్నదని నా అనుమానం.

2016 నవంబరు 8 రాత్రి అయిదువందలు, వెయ్యి నోట్ల రద్దు ప్రకటన వచ్చింది గదా. మరునాడు పొద్దున్నే అమ్మ వంటగదిలోంచి ఒక పాత హార్లిక్స్ సీసా తెచ్చి నాన్నగారి ముందు పెట్టింది. మినప్పప్పు అడుగున చిన్న గుడ్డమూట, అందులో అయిదువందల నోట్లు నలభై ఏడు. 23,500 రూపాయలు! రోజూ రూపాయితో సహా లెక్క తేల్చే మనిషి ఇంట్లో, ఆయన లెక్కకు అందకుండా ఒక ఖజానా నడిచింది. డిసెంబరు 30 లోపు ఆ డబ్బు బ్యాంకులో వేశాం. "నా ఇంట్లో నాకు తెలియని బ్యాంకొకటి ఉందన్నమాట" అని నాన్నగారు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ ఇంట్లో అమ్మకు తెలియని బ్యాంకులు ఎన్ని ఉన్నాయో ఆనాడు ఎవ్వరమూ అడగలేదు.

2018లో నాన్నగారు హఠాత్తుగా పోయారు. పెద్దకర్మ అయ్యాక బీరువా తెరిచాం. డైరీలు ముప్ఫైకి పైగా ఉన్నాయి. ప్రతి రూపాయి ఎలా ఖర్చయిందో వాటిలో ఉంది. దాచిన రూపాయి ఎక్కడ ఉందో మాత్రం లేదు. "బ్యాంకు - 3000" అని రాసుకున్నారు. ఏ బ్యాంకో ఆయనకు తెలుసు, ఇంకెవరికి కావాలి?

ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒక ఫిక్సెడ్ డిపాజిట్‌కు నామినీగా మా నాయనమ్మ పేరుంది. ఆవిడ పోయి అప్పటికి పదకొండేళ్ళు. నామినీ లేనట్టే లెక్క కాబట్టి వారసులందరి పత్రాలూ, సంతకాలూ కావలసివచ్చాయి. పూర్వం ఆయన ఉద్యోగం చేసిన ఊళ్ళో ఒక సేవింగ్సు ఖాతా ఉందని ఒక శతకం పుస్తకంలో దొరికిన పాస్‌బుక్కు చెప్పింది. పదేళ్ళు లావాదేవీలు లేని ఖాతాలలోని సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు 2014లో ఏర్పరచిన నిధికి బదిలీ చేస్తాయని అప్పుడే తెలిసింది. ఆ సొమ్ము మునిగిపోదు. వారసులు బ్యాంకు ద్వారానే తిరిగి అడగవచ్చు. అయితే అడగాలంటే ముందు ఉందని తెలియాలి గదా. వీటన్నిటికన్నా కలవరపెట్టినది వేరొకటి. ఒక స్నేహితుడు పాడుకున్న చీటీకి నాన్నగారు హామీ సంతకం పెట్టారని, ఆ స్నేహితుడే ఇంటికి వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు. పెద్దమనిషి గనుక తన వాయిదాలు తాను కట్టుకున్నాడు. కట్టకపోయి ఉంటే?

అమ్మ ఆ ఎనిమిది నెలలూ చెప్పినచోటల్లా సంతకం చేసింది. ఒకనాడు బ్యాంకు మెట్లు దిగుతూ, "నలభై రెండేళ్ళు కాపురం చేశాను. ఆయన కాఫీలో చక్కెర ఎంతో తెలుసు, ఇది తెలియలేదు" అన్నది. ఆ మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు.

ఇంతకీ నేను చెప్పదలచినది ఇది. ఇంట్లో ఒక్కరికే తెలిసిన పొదుపు ఆ కుటుంబపు పొదుపు కాదు. అది ఆ మనిషి ఆయుష్షు మీద ఆధారపడిన పొదుపు. పదిశాతం ఎక్కడ వస్తుంది, పన్నెండుశాతం ఎక్కడ వస్తుంది అని వెతుకుతాం గాని, ఉన్నదాని జాబితా భార్యకో భర్తకో తెలుసా అని అడుగుకోము. నాన్నగారి దాపరికంలో దురుద్దేశం లేదు. "ఆ తలనొప్పులు నీకెందుకు" అనేవారు. అదొక ప్రేమ అనుకున్నారు. అమ్మకూ అలాగే అనిపించి ఉంటుంది, ఆయన ఉన్నన్నాళ్ళూ.

మరి హార్లిక్స్ సీసా సంగతి? దాచినవాళ్ళది తప్పే అయితే ఇద్దరిదీ తప్పే అని మా తమ్ముడి వాదన. నేను ఒప్పుకోను. అడగకుండా ఖర్చు పెట్టుకునేందుకు తనదంటూ ఒక్క రూపాయి లేని మనిషికి పప్పు అడుగున మూట కట్టడం తప్ప వేరే దారి ఏముంది? పైగా ఆ దారిలో నష్టం కూడా ఆవిడదే. ధరలు ఏటా ఆరుశాతం పెరుగుతున్నాయనుకోండి. 72ను 6తో భాగిస్తే 12. పన్నెండేళ్ళలో ఆ మూటలోని నోటు కొనగలిగే సరుకు ఇంచుమించు సగమవుతుంది. అదే సూత్రం వడ్డీకీ వర్తిస్తుంది. ఏటా ఆరుశాతం చక్రవడ్డీ వచ్చేచోట ఉంచితే పన్నెండేళ్ళకు సొమ్ము రెట్టింపు. లెక్కల మాస్టారికి ఇది తెలియనిది కాదు. అమ్మ పేర ఒక ఖాతా తెరిచి, "ఇది నీది, నేను అడగను" అని ఉంటే సరిపోయేది. ఇంట్లో లెక్కలు తెరిచి పెట్టుకోవాలంటే ముందు ఎవరి చేతి డబ్బు వారికి ఉండాలని నా అభిప్రాయం. అది లేనిచోట నిజం చెప్పమనడం అన్యాయం.

ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. అంతా చెప్పేస్తే పిల్లలు పీక్కుతింటారని భయపడే పెద్దలు ఉన్నారు. అలా జరిగిన ఇళ్ళు నేనూ చూశాను. అందుకే తాళాలు ఇవ్వమనడం లేదు, జాబితా రాయమంటున్నాను. ఏ బ్యాంకులో ఏ ఖాతా, బీమా పాలసీల వివరం, ఇంటి కాగితాలు ఎక్కడ, మనకు రావలసినవి, మనం ఇవ్వవలసినవి, పెట్టిన హామీ సంతకాలు. ఒక్క కాగితం చాలు. పాస్‌వర్డులు, పిన్ నంబర్లు అందులో రాయకూడదు. ఆ కాగితం ఉన్న చోటు మాత్రం నమ్మకమైన ఒక్కరికైనా తెలియాలి.

నామినీ పేర్లు ఒకసారి సరిచూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత వాటానో కూడా రాయవచ్చు. అయితే నామినీ అంటే సాధారణంగా సొమ్ము అందుకుని వారసులకు అప్పగించవలసిన ధర్మకర్తే గాని యజమాని కాదు. ఎవరికి చెందాలో నిర్ణయించాలంటే వీలునామా రాయాలి. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం తప్పనిసరి. పోయిన పెద్దల ఖాతాలు ఎక్కడైనా ఉండిపోయాయేమోనన్న అనుమానం ఉంటే, రిజర్వు బ్యాంకు 2023లో తెరిచిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరుతో వెతకవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడొక ఆచారం పెట్టుకున్నాం. ఉగాదినాడు గుడిలో పంచాంగ శ్రవణం విని వస్తాం. ఫలానా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వినగానే అందరం ఉసూరుమంటాం గదా. ఇంటికి వచ్చి, పులిహోర తిని, మధ్యాహ్నం మా సొంత ఆదాయవ్యయాలు ముందేసుకుని కూర్చుంటాం. నేను, మా ఆవిడ, పదిహేనేళ్ళ మా అమ్మాయి, అమ్మ. కొత్త ఆర్థిక సంవత్సరం కూడా ఆ రోజులలోనే మొదలవుతుంది కాబట్టి వీలుగా ఉంటుంది. గడచిన ఏడాది పెట్టుకున్న అంచనా ఏమిటి, అయిన ఖర్చేమిటి, జాబితాలో చేర్చవలసినదేమిటి, కొట్టివేయవలసినదేమిటి. గంటన్నర పని.

మొదటి ఏడాది అమ్మ మాట్లాడకుండా కూర్చుంది. రెండో ఏడాది, "ఆ డిపాజిట్ ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది. క్రితం ఉగాదికి తన పుస్తకం తానే తెచ్చుకుంది. చూస్తే నాన్నగారి పాత డైరీలలో ఒకదాని చివర మిగిలిన తెల్లకాగితాలు. అందులో తన పెన్షను, మందులు, తన పేర ఉన్న డిపాజిట్లు, బ్యాంకు పేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. చివర నిల్వ కూడా తేల్చింది. మూడు రూపాయలు తేడా వచ్చింది. ఎవ్వరమూ వెతకలేదు.