ఇసుకమీద పునాది

ఇసుకమీద కట్టిన ఇల్లు నిలవదని లోకోక్తి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గర్భంలో చాలామేర ఎంత లోతు తవ్వినా ఇసుకే తప్ప రాయి తగలదు. ఆ ఇసుకమీదనే 1847లో ఒక సైనికాధికారి ఆనకట్ట కట్టడానికి పూనుకున్నాడు. ఆయన పేరు ఆర్థర్ కాటన్. అందుకు కావలసిన విద్యలో ముఖ్యభాగం ఆయన ఇంగ్లండులో నేర్చినది కాదు. కావేరి తీరాన నేర్చినది.

కాటన్ 1803 మే 15న జన్మించాడు. ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, పదహారేళ్లకే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో మద్రాసులో అడుగుపెట్టాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో కోటల ముట్టడిలో పాల్గొన్నాడు. కాని ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది యుద్ధం కాదు, కావేరి.

శ్రీరంగానికి ఎగువన కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ అయిన కొళ్ళిడం పల్లంలో ఉండడంవల్ల నీరంతా అటే మళ్లి, తంజావూరు పొలాలు ఎండిపోసాగాయి. దీనికి ఉపాయం వెదుకుతూ కాటన్ చోళరాజుల నాటి కల్లణైని శ్రద్ధగా పరిశీలించాడు. కరికాలచోళుడు కట్టించాడని ప్రతీతి గల ఆ ప్రాచీన కట్టడానికి అడుగున రాతినేల లేదు. పూర్వులు పెద్ద పెద్ద బండలను నదిలో పడవేశారు. అవి ఇసుకలో కూరుకుపోయాయి. కూరుకుపోయిన వాటిపైన మరికొన్ని వేశారు. చివరకు బరువు నిలదొక్కుకున్నది; దానిపైన కట్ట లేచింది. అంతులేని ఇసుకలో పునాది నిలిపే కిటుకు తాము భారతీయులవద్దనే నేర్చుకున్నామని కాటన్ తరువాతి కాలంలో దాపరికం లేకుండా వ్రాశాడు. ఆ పాఠంతోనే 1836లో కొళ్ళిడంపై ఆనకట్టల నిర్మాణం ఆరంభించాడు. తంజావూరు మళ్లీ పచ్చబడింది.

అదే కాలంలో తెలుగుసీమ స్థితి దయనీయం. 1832–33లో వచ్చిన నందననామ సంవత్సరపు కరువులో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే అయిదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది వరకు మరణించారని అంచనా. 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. 1821లో ఏడు లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1840ల నాటికి అయిదున్నర లక్షలకు అటూ ఇటూ పడిపోయింది. జనం దాహంతో, ఆకలితో అలమటిస్తుంటే ఆ పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలిసిపోతూ ఉండేది.

కాటన్ ఆలోచన సరళమైనది. డెల్టా నేల ధవళేశ్వరంనుంచి సముద్రానికి క్రమంగా వాలుతుంది. అక్కడ నీటిమట్టాన్ని పన్నెండడుగులు లేపితే చాలు. కాలువలగుండా నీరు తానే పొలాలకు నడుస్తుంది. వరద వచ్చినప్పుడు కట్టమీదుగా పొర్లిపోతుంది. ఇది నీటిని నిలవచేసే జలాశయం కాదు. దారి మళ్లించే గడప. 1846 డిసెంబరులో అనుమతి లభించింది. మరుసటి సంవత్సరం పని ఆరంభమైంది.

నది మధ్య ఉన్న లంకలను ఆసరా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్ట లేచింది. మొత్తం పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఇసుకలోకి బావులు దించి, వాటిమీద గోడ లేపి, దిగువన ప్రవాహం తొలిచివేయకుండా బండలు పరిచారు. సమీపంలోని కొండనుంచి రాయి తేవడానికి ఇనుపపట్టాలు వేశారు. వేలాది కూలీలు శ్రమించారు. వారిని కూడగట్టి పని నడిపించడంలో వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజమయ్యాడు. మధ్యలో ఆరోగ్యం చెడి కాటన్ 1848లో ఆస్ట్రేలియాకు వెళ్లవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఆర్ పని సాగించాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. మరి మూడేళ్లకు బెజవాడలో కృష్ణానదిపై ఆర్ చేతిమీదుగానే మరొక ఆనకట్ట వెలిసింది.

కాటన్ చేసినదంతా విజయమే అనడం సత్యం కాదు. ఆయన ప్రోత్సహించిన కర్నూలు–కడప కాలువ కంపెనీకి నష్టాలు తెచ్చింది. దానిని 1882లో ప్రభుత్వమే కొనవలసి వచ్చింది. రైల్వేలకంటె కాలువలే దేశానికి మేలని ఆయన వాదించగా, ప్రత్యర్థులు ఈ నష్టాలనే ఎత్తిచూపారు. 1878లో, డెబ్బది అయిదేళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు సంఘం ఎదుట ఆయన ప్రశ్నల పరంపర నెదుర్కొన్నాడు. అప్పటికి దక్షిణదేశాన్ని మరొక మహాక్షామం కబళించి ఉన్నది. రైళ్లు ధాన్యాన్ని మోయగలవు గాని పండించలేవన్నది ఆయన వాదసారం. కడపటిదాకా ఆ మాట విడువలేదు.

1861లో ఆయనకు ‘సర్’ బిరుదు వచ్చింది. సైన్యంలో జనరల్ పదవికి ఎదిగాడు. 1899 జులై 24న ఇంగ్లండులోని డోర్కింగ్‌లో కన్నుమూశాడు. ఆయన కట్టిన ఆనకట్ట నూరేళ్లకు పైగా పనిచేసింది. 1970లో మొదలై 1982లో పూర్తయిన కొత్త బారేజికి ఆయన పేరే పెట్టారు. గోదావరి జిల్లాల ఊళ్లలో ఆయన విగ్రహాలు నేటికీ పూలదండలు అందుకుంటున్నాయి.

పరిపాలకులలో ఒకడుగా వచ్చిన మనిషికి పాలితులిచ్చిన గౌరవమది. ఆయన గెలిచిన కోటల పేర్లు ఇక్కడ ఎవరికీ గుర్తులేవు. కాలువలో నీరు వదిలిన రోజున మాత్రం, ఏ రైతునడిగినా, కాటన్ దొర పేరు చెబుతాడు. ఆ పేరు వెనుక, చరిత్రకు పేర్లయినా తెలియని కావేరి తీరపు పనివాళ్లున్నారు. ఇసుకలో బండ ఎప్పుడు నిలుస్తుందో తొలుత కనిపెట్టినవారు వారే.