పక్క సీటుకి వేరే డబ్బా?

రైలు టికెట్టు తీసుకునేటప్పుడు లోయర్ బెర్తు కావాలని రాస్తాం. ఉంటే ఇస్తారు, లేకపోతే లేదు. అడిగినందుకు పైసా అదనంగా పుచ్చుకోరు. పైగా 45 ఏళ్లు నిండిన ఆడవాళ్లకీ, 60 నిండిన మగవాళ్లకీ కింది బెర్తుల్లో కోటా కూడా ఉంది. విమానంలో వరస వేరు. టికెట్టు కొన్నాక, కోరుకున్న సీటు కావాలంటే మళ్లీ పర్సు తీయాలి. కిటికీ పక్కకి ఒక రేటు, కాళ్లు చాపుకునే చోటుకి ఇంకో రేటు.

ఇదేం చట్టవిరుద్ధం కాదు. భోజనం, సామాను, నచ్చిన సీటు... వీటిని టికెట్టు నుంచి విడదీసి, కావాలన్నవాళ్ల దగ్గరే డబ్బు తీసుకోవచ్చని డి.జి.సి.ఎ. అనుమతిచ్చింది. చేతిసంచీతో ఒక్కడే వెళ్లే ఉద్యోగి మన పచ్చడి జాడీల బరువు ఎందుకు మోయాలి అంటే, నిజమే మరి. కాళ్లు చాపుకునే సీటుకి డబ్బడిగినా నాకు అభ్యంతరం లేదు. అది సుఖం. నాలుగేళ్ల పిల్ల పక్కన తల్లి కూర్చోవడం కూడా సుఖం కిందికే వస్తుందా?

2024 ఏప్రిల్‌లో డి.జి.సి.ఎ. దీనికి ఒక జవాబు చెప్పింది. పన్నెండేళ్ల వరకు పిల్లలకి, అదే పి.ఎన్.ఆర్. మీద వస్తున్న తల్లిదండ్రుల్లోగానీ సంరక్షకుల్లోగానీ కనీసం ఒకరితో సీటు ఇవ్వాలనీ, ఇచ్చినట్టు రికార్డు ఉంచాలనీ విమాన సంస్థల్ని ఆదేశించింది.

సంతోషమే. కానీ ఆ 'ఒకరు' ఎవరో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ మధ్య సీట్లో, అటొకడు ఇటొకడు. నాన్నగారు ఎనిమిది వరసల వెనక హాయిగా నిద్ర. పెద్దాడికి వాంతి వస్తుంటే చిన్నదాన్ని బాత్రూముకి ఎవరు తీసుకెళ్లాలి? ఈ 'కనీసం' అన్న మాట రాసినవాళ్లు పిల్లల్తో ఎప్పుడైనా విమానం ఎక్కారా అని నా అనుమానం. పి.ఎన్.ఆర్. మెలిక ఒకటి. తల్లి టికెట్టు ఆఫీసువాళ్లు తీసి, పిల్లాడిది తర్వాత ఇంట్లోవాళ్లు తీస్తే, ఆ ఆదేశం వాళ్లకి అక్కరకొస్తుందన్న నమ్మకం లేదు.

నన్ను ఎక్కువ బాధించేది పెద్దవాళ్ల సంగతి. 2024 ఆదేశంలో వాళ్ల మాటే లేదు. మా అత్తగారికి డెబ్బై ఆరేళ్లు. రెండేళ్ల క్రితం ఢిల్లీ వెళ్తుంటే ఆవిడకి ముందెక్కడో, నాకు చివరెక్కడో సీట్లు పడ్డాయి. ఆవిడకి బెల్టు పెట్టుకోవడం రాదు, మైకులో చెప్పే ఇంగ్లీషూ హిందీ అర్థం కావు. మార్చమని అడిగితే, 'పక్కవాళ్లని మీరే అడిగి చూడండి' అన్నారు. ఆ వరసలో ఇద్దరున్నారు. మధ్యలో ఒకాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కిటికీ దగ్గరి అమ్మాయే లేచింది. ఆ సీటుకి తను వేరే డబ్బు కట్టుకుందట. నేనిస్తానన్నా పుచ్చుకోలేదు. చూడండి, పోయింది ఆ పిల్ల డబ్బు, పడింది నాకు మొహమాటం. ఆ విమాన సంస్థకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడపిల్లల్ని అడగండి, సర్దుకోమని తమనే ఎన్నిసార్లు లేపారో చెబుతారు.

అమెరికా రవాణా శాఖ కూడా 2024 ఆగస్టులో, 13 ఏళ్లు, ఆ లోపు పిల్లల్ని పెద్దవాళ్ల పక్కన ఉచితంగా కూర్చోబెట్టాలని ఒక ప్రతిపాదన పెట్టింది. అదీ పిల్లల కోసమే. కూతుళ్ల పురుళ్లకని సముద్రాలు దాటే మన అమ్మానాన్నలు మాత్రం డబ్బు కట్టకపోతే చెరో మూలా పడొచ్చు. రైల్వేవాళ్లు వయసు చూసి కింది బెర్తు ఇవ్వగా లేనిది, టికెట్టులో వయసు తెలిసిన కంప్యూటరు విమానంలో రెండు సీట్లు పక్కపక్కన పడెయ్యలేదా?

అంతవరకు టికెట్లన్నీ ఒకే పి.ఎన్.ఆర్. మీద తీసుకోండి. పన్నెండేళ్ల లోపు పిల్లలుంటే సీటు కొనేముందు సంస్థకి ఫోన్ చేసి ఆ 2024 ఆదేశం సంగతి అడగండి. వినకపోతే పౌర విమానయాన శాఖవారి 'ఎయిర్‌సేవా'లో ఫిర్యాదు చేయవచ్చు. పి.ఎన్.ఆర్. నంబరూ, ప్రయాణం తేదీ వెయ్యడం మరిచిపోకండి.