అందలేదన్న మాట



గతమాసమున దిల్‌సుఖ్‌నగరులో నుండు నా యెరుకగల సోదరి యొకతె కన్నీటితో వచ్చినది. ఆమె యింటినుండియే ఫోనుద్వారా చీరలు విక్రయించును. ఎల్‌.బి. నగరునకు పంపిన రెండువేల రూపాయల చీర అందనేలేదని కొన్నామె సొమ్ము తిరిగి యడుగుచున్నదట. కొరియరువారి లెక్కలో మాత్రము అందినట్లే యున్నది. నడుమ చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ అను రెండు మెట్రో స్టేషనులే గదా, తానే పోయి యిచ్చి రాకపోతినే యని యామె విచారము.

"నీది దొంగమాట" యని వ్రాయబోవుచుండగా నేను వారించితిని. వాచ్‌మను పుచ్చుకొని మరచుట కలదు. పొరుగింట నుంచిపోవుటయు కలదు. ముందుగా కొరియరు పిల్లవాడు తీసిన ఫోటోను తెప్పింపుమంటిని. చూడగా గుమ్మములో కొన్నామెయే, చేత పొట్లము! దానిని మర్యాదగా పంపగా "పొరపాటు" అని జవాబు వచ్చినది.

ఫోటో లేకున్న నేమి గతి? వంచన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద నేరమే. కాని యొక చీరకై ఠాణాచుట్టు తిరుగగల తీరిక మనకెక్కడిది? పొట్లము కట్టునపుడే చిరునామాతో ఫోటో తీసి, తూకమున్న రసీదు దాచుకొనవలెను. 2025 అక్టోబరు 1 నుండి స్పీడ్ పోస్టులో అయిదు రూపాయలును, పన్నును అదనముగా చెల్లించినచో, పుచ్చుకొనువారు తమ ఫోనునకు వచ్చిన ఓ.టి.పి. చెప్పిననే గాని పొట్లమీయరు. అయిదు రూపాయలకు వెనుదీసి రెండువేలు పోగొట్టుకొనుట యేమి పొదుపు?

ఆ కొన్నామెయే మొన్న మరల రెండు చీరల ధర యడిగినదట. పంపుము, ఓ.టి.పి.తో పంపుమంటిని.