విమాన రేడియో – గ్రౌండ్ తీగ

విమానములో రేడియో అమర్చుట యనగానే మన విద్యార్థుల దృష్టి ట్రాన్స్‌మిటర్ మీదికి, ఆంటెన్నా మీదికి పోవును. మాటను మోయు తీగలను గూర్చి, వాటి గ్రౌండును గూర్చి అడిగినచో "అది మెకానిక్ పని" యను సమాధానము వచ్చును. ఈ చులకన భావముతో మేము ఏకీభవింపజాలము.

లోహముతో నిర్మించిన చిన్న విమానమునకు సాధారణముగా దాని శరీరమే బ్యాటరీ ఋణధ్రువముతో కలిసియుండును. దీపముల విద్యుత్తు, మోటార్ల విద్యుత్తు ఆ రేకుల గుండానే తిరిగి పోవును. రేకుకు నిరోధము స్వల్పమే గాని శూన్యము కాదు. కావున ఒకచోటి గ్రౌండుకు, వేరొకచోటి గ్రౌండుకు నడుమ కొన్ని మిల్లీవోల్టుల భేదము ఏర్పడును. దీపమునకు అది లెక్కలోనిది కాదు. మైక్రోఫోను తీగలో మాత్రము చెవికి వినబడును. ఇంజను వేగముతోపాటు స్వరము హెచ్చు ఆల్టర్నేటర్ ఈల పెక్కుసార్లు ఈ దారినే వచ్చును. అప్పుడు విద్యుత్ సరఫరా తీగకు ఫిల్టరు తగిలించుట రోగము ఒకచోట నుండగా మందు మరొకచోట పూయుటయే.

చేయవలసినది వేరు. హెడ్‌ఫోను, మైక్రోఫోను జాక్‌లు లోహపు పలకకు తగులకుండ ఫైబర్ వాషర్లు వేయవలెను. ప్రతి జాక్ నుండి తిరుగు తీగ ఆడియో ప్యానెల్ వరకు విడిగా పోవలెను. షీల్డును ఆ ప్యానెల్ వద్దనే కలిపి, రెండవ కొసను స్లీవుతో మూసివేయవలెను. ఇది విన్నవారు కొందరు ఆంటెన్నా కేబులునకు సైతము ఇదే సూత్రము వర్తించుననుకొందురు. అది పొరపాటు, అక్కడ బయటి వాహకము రెండు కొసలయందును కలియవలసినదే. కారణము తెలియక కంఠస్థము చేసిన విద్య ఇట్లే బెడిసికొట్టును.

1977 మార్చి 27న టెనెరిఫేలో 583 మంది మరణించిరి. అది తీగల లోపము కాదు. పలు కారణములు గల ప్రమాదము. అయినను, ఒకేసారి రెండు ప్రసారములు కలియగా పుట్టిన కీచు ధ్వనిలో ఒక హెచ్చరిక వినబడకపోవుట అందులో నొకటి. గాలిలో నున్నవానికి మాట స్పష్టత ఎంతటిదో ఇంతకన్న చెప్పవలెనా?

హైదరాబాదులో 1965 నుండి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఏవియానిక్స్ విభాగము కలదు. అట్టి ఉద్యోగములను కోరు మన విద్యార్థులకు ప్రయోగశాలలో తీగ పనికి కూడ మార్కులు కేటాయింపవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. ఖర్చు స్వల్పము. కారు బ్యాటరీ, అల్యూమినియం రేకు, చిన్న మోటారు, ఆంప్లిఫయరు, కొన్ని గజముల షీల్డు తీగ చాలును. షీల్డు రెండు కొసలను రేకుకు కలిపి ఒకసారి, ఒక కొసను విడిచి మరొకసారి విద్యార్థులను విననిండు.