మాకియవెల్లీని సగం చదివినవాళ్ళకు

కొంచెం పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

నెల రోజులుగా మన గ్రూపులో ఒకే మాట తిరుగుతోంది. జనం ప్రేమించే నాయకుడికన్నా జనం భయపడే నాయకుడే నిలబడతాడని ఇటలీ దేశపు మాకియవెల్లీ అయిదువందల ఏళ్ళ కిందటే చెప్పాడట. కాబట్టి సంఘానికి గట్టి చెయ్యి కావాలట, ఈసారి ఎన్నిక వద్దట, ఖర్చుల లెక్క అడిగేవాళ్ళు ఐకమత్యం చెడగొట్టేవాళ్ళట. ఆ మాట పంపినవాళ్ళలో ఒక్కరైనా 'ప్రిన్స్' చివరిదాకా చదివారని మేము నమ్మం. పెద్ద పుస్తకమేమీ కాదు, 26 చిన్న అధ్యాయాలు. కాట్పాడిలో బండెక్కి మొదలుపెడితే కోయంబత్తూరు చేరేలోపు అయిపోతుంది.

ముందు ఆ మనిషెవరో చూడండి. రాజు కాడు, సేనాపతి కాడు. 1498లో, 29 ఏళ్ళ వయసులో, ఫ్లోరెన్స్ గణరాజ్యపు కచేరీలో కార్యదర్శిగా చేరాడు. ఉత్తరాలు రాయడం, రాయబారాలకు వెళ్ళడం, చూసింది చూసినట్టు పైవాళ్ళకు రిపోర్టు పంపడం - పద్నాలుగేళ్ళు అదే పని. రైల్వేలో ఫైళ్ళతోనే తలనెరిసిన మాకు ఆ జీవితం కొత్తగా అనిపించదు. కూలికి వచ్చే సైనికులను నమ్మొద్దని మొత్తుకుని, పల్లెల్లోని మనుషులతోనే సైన్యం కట్టించాడు. మన రాయలవారు గద్దెనెక్కిన 1509లోనే పీసా పట్టణం ఫ్లోరెన్స్‌కు లొంగింది, ఆ పనిలో ఈయన చెయ్యి ఉంది. 1512లో స్పెయిన్ సేనల అండతో మెడిచీ కుటుంబం తిరిగొచ్చింది. గణరాజ్యం పోయింది, ఈయన ఉద్యోగమూ పోయింది. మరుసటి ఏడు కుట్రలో ఉన్నాడని అనుమానించి జైల్లో వేశారు. చేతులు వెనక్కి కట్టి, తాడుతో పైకి లాగి కిందికి వదిలారు, ఒకసారి కాదు. విడుదలయ్యాక పల్లెలో కూర్చుని రాసిందే ఆ పుస్తకం. మళ్ళీ కొలువు దొరుకుతుందన్న ఆశతో దాన్ని మెడిచీలకే అంకితమిచ్చాడు. పాత పదవి మాత్రం చచ్చేదాకా రాలేదు.

భయం అంటే ఏమిటో భుజాలకు తెలిసినవాడు రాసిన పుస్తకం అది. అందులో ఉన్నది ఇదీ: ప్రేమ, భయం రెండూ ఉంటే మేలు, రెండూ కుదరకపోతే భయమే భద్రం. మన గ్రూపు మాట ఇక్కడికే ఆగిపోతుంది. ఆయన ఆగలేదు. భయపడనీ, కానీ ద్వేషించే పరిస్థితి తెచ్చుకోవద్దు అన్నాడు. అందుకు దారి కూడా చెప్పాడు: జనం ఆస్తి ముట్టుకోవద్దు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ జోలికి పోవద్దు. ఇంకొంచెం ముందుకు పోతే కోటల సంగతి వస్తుంది. జనం ద్వేషిస్తే ఎంత కోట కట్టుకున్నా అది కాపాడదంటాడు. మరి సంఘం డబ్బు ఎవరి ఆస్తి? చందా కట్టిన ప్రతి ఇంటిదీ కాదా? దాని లెక్క చూపనివాడికి మాకియవెల్లీ ఏ విధంగా సాక్ష్యమిస్తాడు?

(మేము చదివింది తమిళ బడిలో. తిరుక్కుఱళ్‌లో, జనాన్ని హడలగొట్టే పనులు రాజు చేయకూడదని ఒక అధికారమే ఉంది, పది కుఱళ్‌లు. ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలకు అది తెలుసు, పెద్దలు మరిచినట్టున్నారు.)

గట్టి చెయ్యి కావాలని చప్పట్లు కొట్టేవాళ్ళు రామీరో కథ ఒకసారి చదవాలి. పోప్ ఆరో అలెగ్జాండర్ కొడుకు చెజారె బోర్జియా రొమాన్యా ప్రాంతాన్ని గెలిచి, దాన్ని దారికి తెమ్మని రామీరో అనే కఠినాత్ముణ్ణి నియమించాడు. అతను తక్కువ కాలంలోనే అందరినీ అణచిపెట్టాడు. జనానికి ఒళ్ళు మండింది. ఆ కోపం తన మీదికి రాకుండా చెజారె ఏం చేశాడు? 1502లో క్రిస్మస్ మరునాడు పొద్దున చెజేనా ఊరి నడిబొడ్డున రామీరో శవం రెండు ముక్కలై పడి ఉంది, పక్కన నెత్తురు కత్తి. మాకియవెల్లీ అప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నాడు, ఫ్లోరెన్స్‌కు రాసి పంపాడు. గట్టి నాయకుడి పక్కన నిలబడి ఎదుటివాళ్ళ మీద అరిచేవాళ్ళు తామే ఆ చెయ్యి అనుకుంటారు. రామీరో కూడా అలాగే అనుకుని ఉంటాడు.

చెజారె సంగతీ ఎంతోకాలం నడవలేదు. 1503 ఆగస్టులో తండ్రి పోయాడు. తను మద్దతిచ్చి గెలిపించిన రెండో జూలియస్ పోపే తనను బంధించాడు. 1507లో ఎక్కడో నవార్‌లో చిన్న పోరులో చచ్చాడు.

మాకియవెల్లీ సాధువని మేము చెప్పడం లేదు. చెజారెను మెచ్చుకున్నాడు. క్రూరత్వం తప్పనిసరైతే ఒక్కసారే చేసి ఆపెయ్యమన్నాడు, అవసరమైతే మాట తప్పమన్నాడు. అది మాకు నచ్చదు, నచ్చాల్సిన అవసరమూ లేదు. కానీ అదే మనిషి భజనపరుల గురించి కూడా రాశాడు. నిజం చెప్పే తెలివైనవాళ్ళను దగ్గర పెట్టుకుని, అడిగినప్పుడు వాళ్ళు భయం లేకుండా చెప్పే వీలు కల్పించాలన్నాడు. పాలకుడి తెలివిని అతని చుట్టూ ఉన్నవాళ్ళను చూసి అంచనా వేస్తారన్నాడు. మన వేదిక మీద ఎవరెవరు కూర్చుంటున్నారో మీరే చూసుకోండి.

ఆయనదే ఇంకో పెద్ద పుస్తకం ఉంది, రోమ్ చరిత్రకారుడు లివీ మీద రాసిన 'డిస్కోర్సెస్'. దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. చట్టానికి కట్టుబడిన ప్రజలు రాజుకన్నా వివేకంగా, నిలకడగా ఉంటారని అందులో వాదించాడు. రోమ్‌లో సామాన్యులకూ సెనేట్‌కూ జరిగిన తగాదాలను అందరూ తిడితే, రోమ్ స్వేచ్ఛకు ఆ తగాదాలే మూలమన్నాడు. జనం తరఫున అడ్డు చెప్పే ట్రిబ్యూన్ పదవి ఆ తగాదాల్లోంచే వచ్చింది. ఐకమత్యం పేరుతో నోళ్ళు మూయించేవాళ్ళకు మాకియవెల్లీ ఇచ్చే జవాబు అదే.

లెక్క అడిగిన ముగ్గురిని గ్రూపులోంచి తీసేశారు. వాళ్ళను తిరిగి చేర్చండి. మూడేళ్ళ జమాఖర్చు మహాసభలో అందరి ముందూ చదవండి, ఎన్నిక తేదీ ప్రకటించండి. ఆ తర్వాత మాకియవెల్లీ గురించి తెల్లవార్లూ మాట్లాడుకుందాం, కాఫీ ఖర్చు మాది.