వైద్య ప్రణాళికలు: ప్రశ్నించు సభ యేది?

నిజాము ప్రభుత్వపు సుబేదారు కొలువుండిన చోటగుటచే హనుమకొండలోని సుబేదారికి ఆ పేరు వచ్చినది. సుబేదారులు పోయినను జిల్లా పాలన మాత్రము అచ్చటనే నిలిచియున్నది. 2021 జూన్ 21వ తేదీన ఆ సుబేదారిలో నూతన కలెక్టరు కార్యాలయ భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది. ఆనాడే వరంగల్లులో, అంతవరకు కేంద్ర కారాగారముండిన స్థలమున, ఒక మహా వైద్యాలయమునకు శంకుస్థాపన జరిగినది. అప్పటి ముఖ్యమంత్రి ఎం.జి.ఎం. ఆసుపత్రిని, కారాగారమును స్వయముగా చూచి వెళ్ళినది అదే యేడు మే 21న. నెల తిరుగునప్పటికి ఖైదీలు తరలిరి, గోడలు కూలినవి, పునాదిరాయి పడినది. ఆ డిసెంబరులో 24 అంతస్తుల భవనమునకు 1,100 కోట్ల రూపాయల అనుమతి వచ్చినది. మూడేండ్ల తరువాత, 2024 జూన్ నెలాఖరున, ప్రభుత్వము మారిన పిమ్మట, క్రొత్త ముఖ్యమంత్రి నిర్మాణమును పరిశీలించి, అంచనా 1,726 కోట్లకు ఎట్లు పెరిగినదని ప్రశ్నించి, లెక్కల తనిఖీకి ఆదేశించినారు.

ఆసుపత్రి కావలెనా వద్దా అనునది ఇచ్చటి ప్రశ్న కాదు. కరోనా రెండవ విజృంభణములో ఎం.జి.ఎం. పడకల కొరకు జనము పడిన యాతన ఎరిగినవారెవ్వరును వద్దని అనరు. ప్రశ్న వేరు. ప్రకటన చేసినది ఒక ముఖ్యమంత్రి, లెక్క అడిగినది మరియొక ముఖ్యమంత్రి. ఈ రెంటి నడుమ గడచిన మూడేండ్లలో, ఆ ఆసుపత్రికి వెళ్ళవలసిన ప్రజలు ఎన్నుకొనిన సభ యేదైన, ప్రణాళికను బల్లపై పరచుకొని తరచి చూడవలెనని చట్టము విధించినదా? విధింపలేదు. అట్టి సభ లేకపోవుట కాకతాళీయము కాదు. రాజ్యాంగములోని ఒక మాటలో దాని మూలమున్నది.

73వ రాజ్యాంగ సవరణము 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు తగిన విషయములు 29 గలవు. వానిలో 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలు అని అందు పేరు పేరున చెప్పినారు. ఆ వెంటనే కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి, వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము వరుసగా వచ్చును. చదువరికి ఇంక కావలసినదేమున్నదని తోచును. కాని ఆ షెడ్యూలుకు ప్రాణమిచ్చునది 243-జి అధికరణము. రాష్ట్ర శాసనసభ పంచాయతీలకు ఈ అధికారములను ‘ఒసగవచ్చును’ అని మాత్రమే అది పలికినది, ‘ఒసగవలెను’ అని పలుకలేదు. ‘వచ్చును’ అనుమతిని తెలుపును, ‘వలెను’ విధిని తెలుపును. బడిపిల్లలకు వ్యాకరణము చెప్పు ఉపాధ్యాయులకు ఈ భేదము క్రొత్త కాదు. ముప్పదేండ్ల స్థానిక స్వపరిపాలన కథ యావత్తు ఈ రెండు మాటల నడుమ నలిగినది.

పట్టణముల సంగతి మరింత చిత్రము. 74వ సవరణముతో వచ్చిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, చెత్త నిర్వహణము చెప్పినారు గాని ఆసుపత్రి అను పదమే లేదు. అనగా ఆసుపత్రి అను మాట పల్లె జాబితాలో నున్నది, పెద్దాసుపత్రి పట్టణములో నున్నది. వరంగల్ మహానగర కార్పొరేషనుకు 66 డివిజనుల ఎన్నిక 2021 ఏప్రిల్ 30న, ఆ మహమ్మారి నడిమధ్యనే, జరిగినది. మూడు వారములకు మహా వైద్యాలయపు మాట పుట్టినది. అప్పుడే ఎన్నికైన ఆ సభకు తన నగరములోని చెత్తను గూర్చి అడుగు హక్కున్నది, ఆసుపత్రిని గూర్చి అడుగు హక్కు జాబితాలో లేదు. జిల్లా పరిషత్తుకు జాబితాలో ఆసుపత్రి యున్నది, కాని నగరము దాని ఎల్లలలో లేదు.

ఇది తొలినుండియు ఇట్లే యుండినదా? బల్వంతరాయ్ మెహతా సంఘము 1957లో నివేదిక యిచ్చిన పిమ్మట ఆంధ్రప్రదేశములో 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వెలసినవి. ఊరి అభివృద్ధికి సంబంధించిన సకల కార్యములు వాని ద్వారా జరుగవలెనను ఆశ ఆనాడు బలముగా నుండెను. క్రమముగా ఒక్కొక్క శాఖయు తన అధికారులను రాజధాని వైపు త్రిప్పుకొనినది. 1986లో వైద్య విధాన పరిషత్తు చట్టముతో మధ్యస్థాయి ఆసుపత్రులు హైదరాబాదులోని ఒక కమిషనరు క్రిందికి చేరినవి. పేరు పరిషత్తే, ఓటరు దానికి సభ్యులను ఎన్నుకొనడు. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ప్రజారోగ్య సంచాలకునికి, ప్రాంతీయ ఆసుపత్రి వైద్య విధాన పరిషత్తుకు, ఎం.జి.ఎం. వంటి బోధనాసుపత్రి వైద్య విద్యా సంచాలకునికి జవాబు చెప్పును. రోగి ఒక్కడే, మెట్లు మూడు, మూడు మెట్ల దారియు రాజధానికే.

1994 నాటి పంచాయతీరాజ్ చట్టము జిల్లా పరిషత్తునకు ఏడు స్థాయీ సంఘములను ఏర్పరచినది. వానిలో నాల్గవది విద్య, వైద్య సేవల సంఘము. ఆ సంఘములోను, సర్వసభ్య సమావేశములలోను వైద్యుడు వేళకు రాలేదనియు, మందులు లేవనియు, అంబులెన్సు ఆలస్యమైనదనియు సభ్యులు అడుగుదురు. జిల్లా వైద్యాధికారి వ్రాసికొని పోవును. ఇవి అవసరమైన ప్రశ్నలే. కాని అవి నడచుచున్న దానిని గూర్చినవి. రాబోవు మార్పును గూర్చి అడుగుటకు మార్పు కాగితము ముందుగా సభకు రావలెను గదా!

2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్లు జిల్లా ఐదు జిల్లాలైనది. 2019లో ములుగు వేరుపడగా ఆరైనవి. ఆ యేడే ఆరు జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. మండలమునకు పాలన చేరువైనదను మాట కొంత నిజమే. అయితే ఏటూరునాగారమునకును, తొర్రూరునకును, పాలకుర్తికిని కడపటి ఆసుపత్రి నేటికిని ఎం.జి.ఎం. మాత్రమే. వైద్యము ఉమ్మడిగా నిలిచినది, సభ మాత్రము ఆరు ముక్కలైనది. ఆ ప్రాంతమునకంతకు కలిపి ప్రశ్నించు సభ యొక్కటియు లేదు.

ఇంతలో మరియొక పెద్ద మార్పు వచ్చినది. జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల అను నిర్ణయము ననుసరించి 2022లో మహబూబాబాదు, 2023లో జనగామ, భూపాలపల్లి, 2024లో ములుగు, నర్సంపేట కళాశాలలు ఆరంభమైనవి. కళాశాలకు బోధనాసుపత్రి కావలెను. కావున అచ్చటి ఆసుపత్రులు ఒక శాఖ చేతినుండి మరియొక శాఖ చేతిలోనికి పోవలసివచ్చినది. మన పిల్లలకు చదువు, మన రోగులకు నిపుణుల వైద్యము, రెండును మేలే. కాని అడుగవలసినవి కొన్ని గలవు. బోధకులు చాలినంతమంది దొరకుదురా? అన్ని వసతులు జిల్లా కేంద్రమునకే చేరినచో దూర మండలములలోని కాన్పుల గది సంగతి యేమి? రాత్రివేళ బస్సు లేని ఊరి గర్భిణి ఎచ్చటికి పోవలెను? వీనికి జవాబు చెప్పుటకు వైద్యశాస్త్రము రానక్కరలేదు, ఆ ఊరి దారులు తెలిసియుండిన చాలును. జిల్లా పరిషత్తు సభ్యునికి తెలిసినది సరిగా అదియే.

స్థానిక సభ్యులకు గుత్తేదారులతో పొత్తులున్నవి, సమావేశములు పార్టీ తగవులతో ముగియును, వారికేమి తెలియునని అందురు. ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని పై నుండి జరుగు విచారణ యెట్టిదో 2022లో చూచితిమి. ఆ మార్చి నెలాఖరున ఎం.జి.ఎం.లో అత్యవసర చికిత్స పొందుచున్న రోగిని ఎలుకలు కరచినవి. రాష్ట్ర ప్రభుత్వము సూపరింటెండెంటును బదిలీ చేసినది, ఇరువురు వైద్యులను సస్పెండు చేసినది. కీడు జరిగిన పిమ్మట దండన వచ్చినది. ముందుగా అడుగువారుండినచో ఎలుకల బాధ శిక్షా పత్రములోనికి కాక ఒక సామాన్య సమావేశపు కార్యక్రమ పత్రములోనికి ఎక్కియుండెడిది.

అన్యత్ర మార్గములు లేకపోలేదు. కేరళము 1990ల నడుమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములను గ్రామ పంచాయతీలకు, జిల్లా ఆసుపత్రులను జిల్లా పంచాయతీలకు అప్పగించి, వైద్య కళాశాలలను మాత్రము రాష్ట్రము చేతిలో నుంచుకొనినది. ఇంగ్లండులో ఆసుపత్రులు స్థానిక కౌన్సిళ్ళవి కావు. అయినను 2001 నాటి చట్టము, వైద్యసేవలలో పెద్ద మార్పు తలపెట్టినప్పుడు ముందుగా కౌన్సిలు పరిశీలన సంఘమును సంప్రదింపవలెనని విధించినది. మార్పు అనేక కౌన్సిళ్ళ ప్రాంతమునకు తగులునదైనచో అవి కలిసి ఉమ్మడి సంఘముగా కూర్చుండును. మన ఆరు జిల్లాలకు పనికివచ్చు ఏర్పాటిది. అయితే ఆ దేశమునందును అధికారము కేంద్రము వైపే జరుగుచున్నది. ఒప్పుకొనని మార్పును మంత్రి ముందు పెట్టు హక్కు కౌన్సిళ్ళకుండెను. 2024 జనవరి 31తో అది తొలగినది, మంత్రియే స్వయముగా కలుగజేసికొను అధికారము దాని స్థానమున వచ్చినది.

మన విషయములో హక్కు తొలగింపనక్కర లేకయే కుర్చీలు ఖాళీ అయినవి. 2024 జూలై ఆరంభమున జిల్లా పరిషత్తుల పదవీకాలము ముగిసినది. ప్రత్యేకాధికారులుగా కలెక్టర్లు వచ్చిరి. జిల్లాలో ఆరోగ్య పథకములను అమలుపరచు భారమును కలెక్టరుదే. అడుగవలసిన కుర్చీలో జవాబు చెప్పవలసినవారే కూర్చుండిరి. 2025 అక్టోబరులో పరిషత్తు ఎన్నికల ప్రక్రియ ఆరంభమై హైకోర్టు ఉత్తర్వుతో నిలిచినది. డిసెంబరులో ఎన్నికలు గ్రామ పంచాయతీలకు మాత్రము జరిగినవి. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు ఐదేండ్లకు దేశములోని స్థానిక సంస్థల పేర ఆరోగ్యమునకు సిఫారసు చేసిన గ్రాంటు 70,051 కోట్ల రూపాయలు. ఆ గడువులోని కడపటి యేడు గడచినప్పుడు, జిల్లా పరిషత్తు వైద్య సంఘములో ఆ లెక్క చూచుటకు ఎన్నికైన సభ్యుడు ఒక్కడును లేడు.